నాలుగు నట్లు, ఇద్దరు వియ్యంకులు

కూర్మన్నపాలెం,
గురువారం.

మహారాజశ్రీ బావగారు శ్రీనివాసరావు గారికి,

వియ్యంకుడు గురునాథరావు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేం క్షేమం. హార్బరులో మీరూ, చెల్లెమ్మ భ్రమరాంబా, మీ ఐసు ఫ్యాక్టరీ, దాన్ని నమ్ముకున్న చేపలూ అందరూ క్షేమమని తలుస్తాను.

జేబులో ఫోన్ పెట్టుకుని ఈ ఉత్తరాల గోల ఏమిటని మీరు అనుకోవచ్చు. ఇది మీ అమ్మాయి, అనగా మా కోడలు సత్యశ్రీ వేసిన శిక్ష. కారు సీటు కవర్లు ఏ రంగువి వేయించాలని మనిద్దరం ఫోన్లో చర్చించుకున్నాం కదా, ఆ చర్చ మా వీధి చివరి ఇంటివాళ్ళకి కూడా పూర్తిగా వినిపించిందట. “ఫోన్లో అయితే మీ ఇద్దరికీ నోరు జారిపోతంది మామయ్యగారూ. కాగితం మీద రాసుకోండి, రాసేలోగా సగం కోపం సల్లారిపోద్ది. టిఫిన్ల సంచిలో పెడితే మేం అటూ ఇటూ పట్టుకెల్తాం” అంది. ఎనిమిదో నెల కడుపుతో ఉన్న పిల్ల చెప్పాక కాదనడానికి నేనెవర్ని?

ఇక విషయం. పోయిన వారం పిల్లలిద్దరూ సింహాచలం వెళ్ళి వస్తుంటే గోపాలపట్నం దగ్గర కారు పంచరైంది. మావాడు సాయిశంకర్ స్టెప్నీ తగిలించుకుని ఎలాగో గాజువాకలో వాళ్ళ ఫ్లాటుకి చేరాడు. అది తెలిసి మీరు మా ఆవిడకి ఫోన్ చేశారు. “ఆదివారం తెల్లవారుజామున ఐసు వ్యాను మీద గాజువాక మార్కెట్‌కి వస్తాను కదా చెల్లెమ్మా, దారిలో పిల్లల అపార్టుమెంటులో ఆగి చక్రాల నట్లన్నీ నేనే బిగించేస్తాను, మీ ఆయన్ని నడుము వంచొద్దను” అన్నారు. సోమవారం మళ్ళీ చేసి, “బిగించేశాను, ఏనుగు వచ్చి లాగినా కదలవు” అన్నారు. స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన నేను, నట్ల సంగతి ఒక ఐసు ఫ్యాక్టరీ ఓనరుకి వదిలేసి నిశ్చింతగా పడుకున్నాను. బుద్ధి తక్కువ పని.

నిన్న సాయి పరవాడలో డ్యూటీ దిగి వస్తుంటే ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు. తిన్నగా మా ఇంటికి తెచ్చాడు. చూద్దును కదా, మీరు ఏనుగుకి అప్పజెప్పిన నట్లలో రెండు నా చూపుడు వేలికే తిరిగాయి. మూడోది తిరుగుదామా వద్దా అని ఆలోచిస్తోంది. అదే బండిలో కదా మన పిల్ల తిరుగుతున్నది! అన్నీ నేనే మళ్ళీ బిగించి పంపాను బావగారూ. ఇదేనా మీ బిగింపు?

ఇట్లు,
ప్రస్తుతానికి గౌరవంతోనే ఉన్న మీ బావ,
గురునాథరావు

తా.క. ఏనుగుని శ్రమపెట్టకండి. చీమ చాలు.

ఫిషింగ్ హార్బరు,
ఆదివారం సాయంత్రం.

ఫోర్‌మన్ బావగారికి,

శ్రీనివాసరావు నమస్కారాలు. క్షేమసమాచారాలు తర్వాత. ముందు చీమ సంగతి తేల్చుకుందాం.

నేను బిగించలేదంటారా? నా ఒళ్ళు మీకు తెలియనిది కాదు. మన పిల్లల పెళ్ళిలో నేను కూర్చున్నాక ఆ సోఫాని షామియానావాళ్ళు తిరిగి తీసుకోలేదు. అలాంటి ఒంటితో స్పానరు మీద రెండు కాళ్ళూ పెట్టి, లిఫ్టు గోడ పట్టుకుని, పైకి కిందకి ఊగాను. నాలుగు చక్రాలకీ ఊగాను. ఊగేముందు నట్టు నట్టుకీ గ్రీజు దట్టించాను కూడా. మా హార్బరు ఉప్పుగాలికి ఇనుము ఇనుముగా నిలవదండీ. గ్రీజు రాయకుండా మేం తలుపు గడియ కూడా వెయ్యం.

మీ ఉత్తరం చూసి ఉడికిపోయి, ఈ రోజు తెల్లారకముందే మళ్ళీ వెళ్ళాను. అమ్మాయి నిద్ర చెడగొట్టడమెందుకని పైకి వెళ్ళలేదు. సెల్లార్లో టార్చి పళ్ళతో కరుచుకుని, గోనె పరుచుకుని కూర్చుని, కారు కవరు అంచు చక్రం వరకు ఎత్తి చూశాను. ఏం చూశాననుకున్నారు? నా గ్రీజు నా గ్రీజులాగే ఉంది. నా బిగింపు నా బిగింపులాగే ఉంది. వేలితో కాదు కదా, కాలితో తన్నినా నట్టు కదల్లేదు. బొటనవేలు మాత్రం కదిలింది. ఇప్పుడు దాని మీద కూడా ఐసు పెట్టుకుని రాస్తున్నాను.

కాబట్టి మీకు కనబడ్డ వదులు మీ కళ్ళలో ఉండాలి. లేదా టార్కు రెంచి అని కొత్తగా ఏదో కొన్నారట, దానికి పని కల్పించడానికి మీరే వదులు చేసి ఉండాలి. కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? ఇకమీదట మాట రాకుండా ఈ రోజు సాక్ష్యం కూడా పెట్టి వచ్చాను. నాలుగు చక్రాలకీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. ముందు చక్రాల కింద చెరొక నిమ్మకాయ పెట్టాను. ఇప్పుడు కూడా నేను రాలేదంటే దేవుడే చూసుకుంటాడు.

ఇట్లు,
కుంటుతూ, అయినా నిలబడే ఉన్న,
శ్రీనివాసరావు

తా.క. పళ్ళతో టార్చి కరుచుకున్నప్పుడు తుమ్ము వస్తే ఏమవుతుందో మీ రోలింగ్ మిల్లులో నేర్పారా? నేను ఈ రోజు నేర్చుకున్నాను. కొత్త టార్చి కొనాలి.

కూర్మన్నపాలెం,
శనివారం.

శ్రీనివాసరావు గారికి,

నమస్కారం. ఈ రోజు పిల్లలు మా ఇంటికి భోజనానికి వచ్చారు. కారు మా వాకిట్లో, పట్టపగలు, నా కళ్ళెదుట నిలబడి ఉంది. కళ్ళజోడు తుడుచుకుని నాలుగు చక్రాలూ చూశాను. గ్రీజు లేదు. పసుపు లేదు. కుంకుమ లేదు. చక్రాలకి కాస్త పరవాడ దుమ్ము తప్ప మరే అలంకారమూ లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చీమ అన్న పాపానికి ఇంత కథ అల్లుతారనుకోలేదు.

అసలు వదులు ఎలా వచ్చిందో మావాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. గోపాలపట్నంలో జాకీ మీద ఉండగానే నట్లు తిప్పేశాడట, దించాక మళ్ళీ ముట్టుకోలేదట. అది వాడి తప్పు. ఆ తప్పు దిద్దుతానని దిద్దకపోవడం మీ తప్పు.

పెద్దవారు, మీకు చెప్పేంతవాణ్ణి కాను. అయినా చెబుతున్నాను. నట్టుని ముందు చేత్తోనే తిప్పి ఎక్కించాలి, అప్పుడు మర అడ్డంగా పడదు. ఒకదాని తర్వాత పక్కది కాదు, ఎదురెదురుగా ఉన్నవి బిగించాలి, అప్పుడే చక్రం సమంగా కూర్చుంటుంది. కారుని నేల మీదికి దించాక, కారుతో ఇచ్చిన పుస్తకంలో ఎంత రాశారో అంత బిగువు రెంచిలో పెట్టి తిప్పాలి. ‘టక్’ మంటుంది. టక్ మన్నాక ఆపాలి. నాలుగు రోజులు తిరిగాక మరొకసారి చూసుకోవాలి. ఇంతే సంగతి. ఇందులో ఎక్కడా ఊగడం లేదు. ఇక గ్రీజు అంటారా, అది రాస్తే నట్టు జారుడుకి హద్దు తెలియదు. మనం చాలులే అనుకునేసరికి అది ఎక్కువైపోయి, లోపలి బోల్టు సాగి, ఏదో ఒకనాడు టప్పున తెగుతుంది. మా మిల్లులో ఇలాంటి పని చేస్తే మెమో ఇచ్చేవాళ్ళం.

ఇప్పుడు నా సాక్ష్యం వినండి. టక్ మన్నాక ప్రతి నట్టు మీద నుంచి చక్రం మీదికి ఒక ఎర్ర గీత గీశాను. ఎవరు చేయి వేసినా గీత విరుగుతుంది. ఇది ఇంజనీరింగు. బొట్టు కాదు.

ఇట్లు,
రెంచి పట్టిన,
గురునాథరావు

తా.క. వదినగారూ, నేను రామలక్ష్మమ్మని. పైన ఈయన ఏం రాశారో నేను చదవలేదు, మీరూ చదవకండి, మన ఇద్దరికీ బీపీ ఉంది. కింద ఖాళీ కనబడితే రాస్తున్నాను. మీరు పంపిన కోనాం చేప పులుసు ఈయన రెండు పూటలా తిన్నారు, తింటూ కూడా మీ వారినే తిట్టారు. సంచిలో ములక్కాడలు పెట్టాను. అన్నట్టు కోడలి గోళ్ళరంగు సీసా ఈయన చేతిలో ఎందుకుందని అడిగితే ‘ఇంజనీరింగు’ అంటున్నారు. కొంచెం భయంగా ఉంది.

ఫిషింగ్ హార్బరు,
ఆదివారం.

గురునాథరావు గారికి,

గీత అన్నారు. ఎర్ర గీత అన్నారు. ఈ తెల్లవారుజామున కొత్త టార్చితో నాలుగు చక్రాలూ వెతికాను. గీత లేదు. గీత పిల్ల కూడా లేదు. మీరు లేదన్న నా పసుపు ఉంది, లేదన్న నా కుంకుమ ఉంది, లేదన్న నా గ్రీజు చేతికి అంటుకుంది. రిటైరైన మనిషి ఖాళీగా ఉండలేక అబద్ధాలాడతాడని విన్నాను గానీ, ఇంజనీరింగుతో కలిపి ఆడతాడని వినలేదు.

ఇంతకంటే ఘోరం మరొకటి. నేను పోయిన ఆదివారం పెట్టిన నిమ్మకాయలు పెట్టినట్టే ఉన్నాయి! ఒక్కటీ నలగలేదు. అంటే వారం నుంచి ఆ కారు కదలనే లేదు. మంగళవారం అమ్మాయిని డాక్టరు దగ్గరికి చెకప్‌కి తీసుకెళ్ళామని అల్లుడు చెప్పాడే, దేని మీద తీసుకెళ్ళాడు? ఆటో మీదా? బస్సులో నిలబెట్టా? పైగా ఎడమ ముందు చక్రంలో గాలి కూడా సగానికి దిగిపోయింది. కారు ఉండి, రెంచి ఉండి, గీతలు గీసే తీరిక ఉండి, మా పిల్లని ఆటోల్లో తిప్పుతున్నారా మీరు?

నాకు ఉన్నది ఒక్కతే కూతురు. తొలి కాన్పు పుట్టింట్లో కావాలని వాళ్ళమ్మ పోయిన ఏడాది నుంచి పాత చీరలు ఉతికి మడతలు పెడుతోంది. వచ్చే ఆదివారంతో తొమ్మిదో నెల వస్తుంది. మీ కారులో దాన్ని ఎక్కించి పంపిస్తారని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. నట్టుకీ నిజానికీ తేడా తెలియని మీ కారులో నా కూతురు ఎక్కదు. మా ఐసు వ్యాను తెచ్చి నేనే తీసుకెళ్తాను. మంచి ఘడియ పొద్దున్న పదిన్నర దాకా ఉందట.

ఇట్లు,
ఆడపిల్ల తండ్రి,
శ్రీనివాసరావు

తా.క. నేను భ్రమరాంబని వదినగారూ. నేనూ పైన చదవలేదు. ములక్కాడలు లేతగా ఉన్నాయి. ఈయన ఈ రోజు ఇంటికి వచ్చేసరికి చొక్కా నిండా గ్రీజు. ఏటిదని అడిగితే ‘కూతురి మీద ప్రేమ’ అంటున్నారు. అది ఏ సబ్బుకి పోతుందో మీకేమైనా తెలిస్తే రాయండి.

కూర్మన్నపాలెం,
బుధవారం.

ఐసు ఫ్యాక్టరీ యజమాని గారికి,

మీ ఉత్తరం చదివి అన్నం తినలేదు. సాయంత్రం ఉప్మా మాత్రం తిన్నాను.

ఆటో అంటారా? బస్సులో నిలబెట్టారంటారా? మంగళవారం చెకప్‌కి ఆ కారులోనే, ముందు సీటు వెనక్కి వాల్చి, నడుముకి దిండు పెట్టి, స్పీడు బ్రేకరు వచ్చినచోటల్లా నేను ‘మెల్లగా, మెల్లగా’ అని వెనక సీట్లోంచి అరుస్తూ తీసుకెళ్ళాం. డాక్టరమ్మ తల్లికీ బిడ్డకీ బాగుందన్నారు, నా గొంతుకే మందు రాశారు. మీరు పెట్టారంటున్న నిమ్మకాయ ఆ చక్రం కింద ఉండి ఉంటే ఈపాటికి ఊరగాయ అయి ఉండేది.

ఇప్పుడు నాకు తేటతెల్లమైంది. మీరు అసలు పిల్లల అపార్టుమెంటుకి రావడమే లేదు. మార్కెట్‌లో ఐసు దించేసి, టీ తాగి, తిన్నగా హార్బరుకి పోయి, మంచం మీద కూర్చుని బొటనవేలు కథలు రాస్తున్నారు. ఆడపిల్ల తండ్రినని సంతకం పెట్టారు కదా, ఆ తండ్రి ఒక్క ఆదివారమైనా వచ్చి ఉంటే నా గీత కనబడేది. ఈ రోజు మళ్ళీ చూశాను. గీత గీసినట్టే, నిటారుగా ఉంది.

ఇక వ్యాను సంగతి. చేపల వ్యానులో మా కోడలు ఎక్కదు. వాసనకి వేవిళ్ళు మళ్ళీ మొదలవుతాయి. ఒట్టేసి చెబుతున్నాను, కారులో కాకపోతే మా గడప దాటదు. పురుడు ఇక్కడే పోస్తాం. పాత చీరలు మా ఇంట్లోనూ ఉన్నాయి.

ఇట్లు,
మగపిల్లవాడి తండ్రి,
గురునాథరావు

తా.క. వదినగారూ, గ్రీజు మరకకి ముందు కొబ్బరి నూనె రుద్ది, తర్వాత బట్టల సబ్బు పెట్టండి. పిల్లల అపార్టుమెంటులో కొత్త గొడవ తెలుసా? ఎదురు ఫ్లాటు విజయరత్నం మాస్టారు, హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు, పాపం మోకాళ్ళ నొప్పులు. ఆయన కారుకి ఎవరో పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పోతున్నారట. “ఇది నాకు భయం కాదు, జాగ్రత్త” అని వాటిని ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదట. చర్చికి కూడా ఆటోలో వెళ్తున్నారట. పాడు లోకం.

ఫిషింగ్ హార్బరు,
గురువారం.

గురునాథరావు గారికి,

నేను రాలేదన్నారు. సరే. ఆ ఒక్క మాటకి నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. నన్ను పొట్టివాడినన్నా, మొద్దువాడినన్నా, చేపల వాసనన్నా పడతాను. చేపల వాసన ఉన్న మాటే. కానీ నా పిల్ల కోసం నేను రాలేదంటే మాత్రం పడను.

ఆదివారం తెల్లవారుజామున వస్తున్నాను. వ్యాను రెండు రోజులు కడిగించాను, కర్పూరం వెలిగించాను, లోపల పరుపు వేయించాను. నా కూతుర్ని తీసుకునే వెళ్తాను. ఎవరు అడ్డం వస్తారో చూస్తాను.

ఇట్లు,
వస్తున్న,
శ్రీనివాసరావు

తా.క. భ్రమరాంబని. కొబ్బరి నూనె పనిచేసింది వదినగారూ. చొక్కాకి మాత్రమే. ఆ మాస్టారి సంగతి విని జాలేసింది. నిమ్మకాయలంటే గుర్తొచ్చింది, మా ఆయన కూడా ఈమధ్య బజారులో తెగ నిమ్మకాయలు కొంటున్నారు. ఇంటికి ఒక్కటీ చేరడం లేదు. షోడాలో పిండుకుని తాగేస్తున్నారేమో.

కూర్మన్నపాలెం,
శనివారం.

శ్రీనివాసరావు గారికి,

రండి. టార్చి పెట్టుకుని దొంగలా కవరు అంచు ఎత్తి చూడడం కాదు, కవరు మొత్తం తీసి, తెల్లారే వరకు ఉండి, వెలుతురులో చూడండి. గీత ఉంటే మీరు నాకు క్షమాపణ చెప్పాలి. గీత లేకపోతే నేనే మీ వ్యానుకి డ్రైవరుగా కూర్చుని, ‘చేపలో’ అని కేక వేసుకుంటూ హార్బరు దాకా తోలతాను.

నేను మాత్రం అక్కడికి రాను. మీ నుంచి మాట వచ్చేదాకా గడప దిగను.

ఇట్లు,
గురునాథరావు

తా.క. వదినగారూ, అమ్మాయి బట్టలు, మందులు, చారుపొడి సంచిలో సర్దేశాను. ఏ బండి మీద వచ్చినా అది వచ్చేది మీ ఇంటికే. వీళ్ళని పట్టించుకోకండి.

గాజువాక, పిల్లల అపార్టుమెంటు సెల్లారు,
ఆదివారం, తెల్లారాక.

మా మంచి బావగారు గురునాథరావు గారి పాదాలకు,

శ్రీనివాసరావు తల వంచుకుని రాయునది. ఫోన్ చేద్దామని చేతిలోకి తీసుకుని, మళ్ళీ జేబులో పెట్టేశాను. ఈ కాగితం విజయరత్నం మాస్టారు ఇచ్చారు. వెనక ఎనిమిదో తరగతి లెక్కల ప్రశ్నపత్రం ఉంది, దాన్ని చదవకండి. అందులో కూడా నాకు ఒక్కటీ రాదు.

తెల్లవారుజామునే వచ్చాను. వ్యాను బయట ఆపి, సెల్లార్లో లిఫ్టు పక్కన ఉన్న మన కారు దగ్గరికి వెళ్ళాను. పిల్ల ప్రయాణం రోజు కదా అని ఇంకొకసారి బొట్టు పెట్టి, కొత్త నిమ్మకాయలు పెట్టి, చక్రానికి దణ్ణం పెట్టుకుంటున్నాను. జనరేటరు వెనక నుంచి గొడుగు ఒకటి వచ్చి నా వీపుకి తగిలింది. దాని వెనక మాస్టారు, ఆయన వెనక వాచ్‌మన్ సూరన్న.

“దొరికావు! ఎవరు నువ్వు? నా కారు మీద నీకేం పగ?” అన్నారు మాస్టారు. ఆయన గొడుగు వణుకుతోంది. నేను కుంకుమ పొట్లం వెనక్కి దాచుకున్నాను.

“మీ కారేటండీ? ఇది మా అల్లుడి కారు!” అన్నాను.

మాస్టారు కవరు మొత్తం లాగేశారు. అదే కంపెనీ, అదే మోడలు, అదే తెలుపు. వెనక అద్దం మీద మాత్రం ‘యెహోవా నా కాపరి’ అని రాసి ఉంది బావగారూ.

మాస్టారి మోకాళ్ళ నొప్పులు చూడలేక, లిఫ్టు పక్కన ఉన్న తన పార్కింగు చోటు మా పిచ్చితల్లి ఎప్పుడో ఆయనకి ఇచ్చేసిందట. కవరు ఒకటి కొంటే ఒకటి ఉచితమంటే రెండోది కూడా ఆయనకే ఇచ్చిందట. ఆ సంగతి తండ్రికి చెప్పాలని దానికి తోచలేదు, అడగాలని నాకు తోచలేదు. మన కారు ఆ పక్క స్తంభం దగ్గర ఉంది. వెళ్ళి కవరు తీసి చూశాను. నాలుగు చక్రాల మీదా ఎర్ర గీతలు, మీరు చెప్పినట్టే, నిటారుగా. ఒక్కటీ విరగలేదు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒక్కొక్క గీతనీ వేలితో తడిమి చూశాను.

“ఇతనిని ఇంతకుముందు చూశావా?” అని మాస్టారు సూరన్నని అడిగారు. “సూడకేటండీ, పెతీ ఆదారం వచ్చి సెక్రాలికి పూజ సేసుకుని ఎల్తన్నాడు ఈ బాబు” అన్నాడు వాడు. “మరి చెప్పవేం?” అంటే, “తమరు దొంగని పట్టుకోమన్నారు గానీ, బత్తుడ్ని పట్టుకోమనేదు కదండీ” అన్నాడు. మాస్టారికి నవ్వు ఆగలేదు. మంచి మనిషి బావగారూ, ఆ గొడుగు కింద పెట్టేసి నాకు టీ ఇచ్చారు.

అసలు కష్టం ఇప్పుడు మొదలైంది. ఆయన చర్చికి ఆటోలో వెళ్తున్నది నిమ్మకాయల భయంతో కాదట. ఆ ఎడమ చక్రం పంచరైందట. విప్పడానికి మెకానిక్కు వచ్చి, ఒక స్పానరు వంచుకుని వెళ్ళిపోయాడట. “ఇది మనిషి బిగించినది కాదు సార్” అని కూడా అన్నాడట. నేను బిగించిందే కదా, నేనే విప్పుతానని స్పానరు తగిలించి రెండు కాళ్ళతో ఎక్కి ఊగాను. టప్పుమని చప్పుడు. నట్టు ఊడలేదు, బోల్టే తెగిపోయింది. మీరు రాసినట్టే, అక్షరాలా అలాగే. గ్రీజు విషయంలో మీరు రైటు. ఊగడం విషయంలో మీరు రైటు. గీత విషయంలో మీరు రైటు. క్షమించండి.

కానీ బావగారూ, నేను రాలేదన్న మాట ఒక్కటి వెనక్కి తీసుకోవాలి. వచ్చాను. ప్రతి ఆదివారం వచ్చాను. చక్రమే వేరు.

చప్పుడుకి అమ్మాయి కిందికి దిగింది. అంతా విని, ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని మాస్టారి కారు ముందు కూర్చుంది. “మీరూ మామయ్యగారూ కలిసి మాస్టారి సెక్రం ఇప్పి, మళ్ళీ పద్ధతిగా బిగించేదాకా నాను కారెక్కను, వేనూ ఎక్కను” అంటోంది. మంచి ఘడియ పదిన్నరకి దాటిపోతుంది. హార్బరులో దాని తల్లి పొద్దున్నుంచి గుమ్మంలో నిలబడి ఉంటుంది. అల్లుణ్ణి ఈ ఉత్తరంతో పంపిస్తున్నాను. గడప దిగండి బావగారూ. మీ రెంచి తెండి. ఈ పిల్లని నేను ఇంటికి తీసుకెళ్ళాలంటే మీరు వచ్చి తీరాలి.

ఇట్లు,
మీ బావ,
శ్రీనివాసరావు

తా.క. మామయ్యగారూ, నేను సత్యశ్రీని. నాన్న చూడకుండా రాస్తున్నాను. అది మాస్టారి కారని నాకు పోయిన వారమే తెలుసు. అపార్టుమెంటు గ్రూపులో ఆయన పెట్టిన ఫొటోలో చక్రం మీద బొట్టు చూశాను. చిన్నప్పుడు నా సైకిల్‌కి కూడా నాన్న అలాగే, కుంకుమ పక్కకి కారేలా పెట్టేవారు. వెంటనే చెప్పేద్దామనే ఫోన్ తీశాను. కానీ మా నాన్న అంత ఒంటితో, చీకట్లో, నేల మీద కూర్చుని, నన్ను లేపకూడదని పైకి కూడా రాకుండా, నా కోసం చక్రం బిగించి వెళ్తున్నారని తెలిశాక, ‘నాన్నా, అది మన కారు కాదు’ అనడానికి నాకు నోరు రాలేదు. మాస్టారికి మాత్రం నిన్ననే అన్నీ చెప్పేశాను. పాపం, గొడుగు పట్టుకుని బాగా నటించారు. త్వరగా రండి. అమ్మ ఎదురుచూస్తోంది, నాకు కూడా అమ్మ దగ్గరికి వెళ్ళాలని ఉంది. మీరూ అత్తయ్యగారూ కూడా మాతో హార్బరు దాకా వచ్చేయండి, ఆదివారం పులుసు ఉంటుంది. రెంచి మరిచిపోకండి. దారిలో ఎర్ర గోళ్ళరంగు సీసా ఒకటి కొనండి, నాది మీరు నట్లకే అయిపోగొట్టారు.